అన్నకు స్కిజోఫ్రీనియా ఉంటే చెల్లెలి మెదడులోనూ తేడా ఉంటుందా?

మీరు అడిగింది మిగతా వాళ్లకూ తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. మీకు 31 ఏళ్లు. మీ అన్నయ్యకు 22 ఏళ్లప్పుడు స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు బలపడటంలాంటివి ఉండే మానసిక జబ్బు, అని తేలింది, మందులు వాడుతున్నారు. రోగుల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు జబ్బు లేకపోయినా స్కాన్‌లో మెదడు పనితీరు మామూలుగా ఉండదని ఈ మధ్య ఎక్కడో చదివారు. అప్పటినుంచి తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తు రాకపోయినా, మీటింగ్‌లో చెప్పబోయే మాట మరిచిపోయినా ‘నాకూ మొదలైందేమో’ అని గుండె దడదడలాడుతోంది. ఎంఆర్‌ఐ తీయించుకోవాలా, జీన్ టెస్ట్ చేయించుకోవాలా, పిల్లల్ని కనొచ్చా, పెళ్లి చేసుకోబోయే ఆయనకు ఏం చెప్పాలి అన్నవి మీ ప్రశ్నలు.

జవాబు ముందే చెప్పేస్తాను. కాస్త టెన్షన్ తగ్గితే మిగతాది నింపాదిగా చదువుకోవచ్చు. స్కాన్ అక్కర్లేదు. మీకు జీన్ టెస్టూ అక్కర్లేదు. పిల్లల్ని కనొచ్చు. మీరు చదివిన పరిశోధన మాత్రం నిజమే, కాకపోతే అది మీ గురించి చెప్పిన జోస్యం కాదు. సైకియాట్రిస్టుగా చాలా ఏళ్లుగా రోగులతోపాటు వాళ్ల ఇంటివాళ్లతోనూ మాట్లాడుతున్నాను. రోగికి తోడుగా వచ్చిన చెల్లెలో తమ్ముడో, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే.

అంకెలతో మొదలుపెడదాం. మామూలు జనంలో నూటికి ఒకరికి, నిజానికి అంతకంటే కొంచెం తక్కువ మందికే, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. ఇర్వింగ్ గాట్స్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఐరోపాలో అంతకుముందు జరిగిన కుటుంబాల అధ్యయనాలు, కవలల అధ్యయనాలు అన్నీ కలిపి 1991లో ఒక పట్టిక ప్రచురించారు. అందులో తోబుట్టువుకు ఉంటే 9 శాతం, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే 13 శాతం, ఇద్దరికీ ఉంటే 46 శాతం అని ఉంది. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపించేవి ఆ అంకెలే. తర్వాత డెన్మార్క్‌లో మొత్తం దేశ రికార్డులు పట్టుకుని 2010లో లెక్క వేస్తే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నవాళ్లలో అది 7 శాతానికి తగ్గింది. అంటే పాత పట్టిక కాస్త ఎక్కువే చూపిస్తోంది. సరే, ఎక్కువదే తీసుకుందాం. మీకు 9 శాతం అనుకున్నా, మీలాంటి నూరు మంది చెల్లెళ్లలో 91 మందికి ఈ జబ్బు రాదు. పత్రికల్లో ఇదే విషయం ‘తొమ్మిది రెట్ల ముప్పు’ అని వస్తుంది. అందులో అబద్ధం లేదు కానీ, చదివినవాడికి ఆ పూట అన్నం సహించదు.

పైగా ఆ 9 శాతం పుట్టిన రోజు నుంచి జీవితాంతం వరకు కలిపి వేసిన లెక్క. మగవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా ఇరవైల మొదట్లోనో మధ్యలోనో బయటపడుతుంది, ఆడవాళ్లలో నాలుగైదేళ్లు ఆలస్యంగా. నలభై ఐదు దాటాక ఆడవాళ్లలో ఇంకో చిన్న పెరుగుదల ఉన్నమాట నిజమే. అయినా 31 ఏళ్లు వచ్చి, ఏ లక్షణమూ లేదంటే ఆ ముప్పులో పెద్ద భాగాన్నే మీరు దాటేశారు.

ఇక జన్యువుల సంగతి. వంశంలో వస్తుందన్న అనుమానం పాతదే. ఒకప్పుడు తల్లి పెంపకం వల్లే ఈ జబ్బు వస్తుందని చెప్పి ఎంతోమంది తల్లుల్ని ఏడిపించారు. 1966లో లియొనార్డ్ హెస్టన్ అనే డాక్టరు, స్కిజోఫ్రీనియా ఉన్న తల్లులకు పుట్టి మొదటి మూడు రోజుల్లోనే వేరే చోటికి వెళ్లి పెరిగిన 47 మందిని వెతికి పట్టుకుని పరీక్షించారు. వాళ్లలో ఐదుగురికి జబ్బు వచ్చింది. అలాగే తల్లికి దూరంగా పెరిగినా, తల్లికి జబ్బు లేని 50 మందిలో ఒక్కరికీ రాలేదు. తల్లి పెంపకం మీద వేసిన నింద అక్కడితో బాగా బలహీనపడింది. పెంపకానికి అసలు పాత్రే లేదని కాదు. ఫిన్లాండ్‌లో పెక్కా టియెనారి బృందం దత్తత పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, పుట్టుకతో ముప్పు ఉన్నవాళ్లు గొడవలు, విమర్శలు ఎక్కువున్న ఇళ్లలో పెరిగితే ఎక్కువ దెబ్బతిన్నారని, ప్రశాంతమైన ఇళ్లలో పెరిగితే చాలా తక్కువ మందికే సమస్య వచ్చిందని చూపించింది.

జన్యువుల పాత్ర ఎంతో కవలల్ని చూస్తే తెలుస్తుంది. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఇద్దరి జన్యువులూ ఒకటే. అంతా జన్యువులదే అయితే ఒకరికి వస్తే రెండోవారికి నూటికి నూరుపాళ్లూ రావాలి. పాత లెక్కల్లో అది 48 శాతం, డెన్మార్క్ రికార్డులతో 2018లో వేసిన లెక్కలో 33 శాతం. అయినా ఈ జబ్బు రావడంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు 80 శాతం జన్యువుల వల్లేనని కవలల అధ్యయనాలు చెబుతాయి. ఈ 80 చూసి చాలామంది ‘80 శాతం మందికి వస్తుంది’ అనుకుని బెంబేలెత్తుతారు. అది జనాభా మొత్తంలో కనిపించే తేడాల గురించిన లెక్క, ఏ ఒక్క మనిషికీ వర్తించదు.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే అధ్యయనం ఇంకొకటుంది. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి జబ్బు ఉండి, రెండోవారికి లేని జంటల్ని తీసుకుని, గాట్స్‌మన్, బెర్టెల్సెన్ 1989లో వాళ్ల పిల్లల్ని పరిశీలించారు. జబ్బు ఉన్న కవల పిల్లల్లో ఎంత ముప్పు ఉందో, జబ్బు రాని కవల పిల్లల్లోనూ దాదాపు అంతే ఉంది, రెండు వైపులా 17 శాతం దగ్గరే. అంటే ముప్పు తెచ్చే జన్యువులు ఒక మనిషిలో జీవితాంతం ఏ గొడవా చేయకుండా ఉండిపోగలవు. మీ స్కాన్ ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది. అయితే మీరు మీ అన్నయ్యకు కవల కాదు. సగటున సగం జన్యువులే ఇద్దరికీ ఉమ్మడిగా ఉంటాయి.

ఆ జన్యువులూ ఒకటో రెండో కావు. 2014లో 108 చోట్ల తేడాలు దొరికాయి. 76 వేలకు పైగా రోగుల్ని పరీక్షించిన 2022 నాటి అంతర్జాతీయ అధ్యయనంలో అవి 287 అయ్యాయి. ఒక్కోదాని ప్రభావం చీమంత. అందరిలోనూ ఇవి కొన్ని ఉంటాయి. నాలోనూ ఉంటాయి, కాకపోతే ఎన్ని అన్నదే తేడా. వాటిలో చాలావరకు మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట, అంటే కణాల మధ్య కనెక్షన్ల దగ్గర, పనిచేసే జన్యువులు. టీనేజీలో మెదడు అక్కర్లేని కనెక్షన్లను తీసేసుకుంటుంది. ఆ పనిలో పాత్ర ఉన్న సీ4 అనే జన్యువు ఎక్కువ చురుగ్గా ఉండే రకం అయితే ముప్పు కొంచెం పెరుగుతుందని 2016లో తేలింది. జబ్బు చిన్నపిల్లల్లో కాకుండా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల దగ్గర ఎందుకు బయటపడుతుందో ఇది కొంతవరకు వివరిస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టిన విషయానికి వద్దాం.

రోగుల మెదడు మీద పరిశోధన చేసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. స్కాన్‌లో ఏదైనా తేడా కనిపిస్తే అది జబ్బు వల్ల వచ్చిందా, ఏళ్ల తరబడి వాడిన మందుల వల్లా, ఆస్పత్రిలో గడిపిన కాలం వల్లా, సిగరెట్ల వల్లా అన్నది విడదీయడం కష్టం. అందుకే వాళ్లు రోగి తమ్ముణ్ణి, చెల్లెల్ని పిలుస్తారు. వీళ్లకు జబ్బు లేదు, మందులు లేవు, కానీ జన్యువుల్లో కొంత వాటా ఉంది. వీళ్లలో కూడా తేడా కనిపిస్తే అది మందుల వల్ల వచ్చిందని అనలేం, జన్యువుల వైపే చూడాలి. తోబుట్టువుల్ని స్కాన్ చేసేది అందుకు, వాళ్లకు జబ్బు వస్తుందో రాదో చెప్పడానికి కాదు.

బంధువుల్ని ఇలా పరీక్షించడం 1970ల నుంచే ఉంది. ఫిలిప్ హోల్జ్‌మన్ అనే ఆయన రోగుల్ని, వాళ్ల దగ్గరి బంధువుల్ని కూర్చోబెట్టి, ఊగుతున్న లోలకాన్ని కళ్లతో అనుసరించమన్నారు. కంటి చూపు సాఫీగా వెంట నడవాలి. రోగుల్లో అది మధ్యమధ్య వెనకబడి, చిన్న గెంతుతో వస్తువును అందుకుంటుంది. జబ్బు లేని తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో కూడా సగానికి దగ్గరగా ఉన్నంత మందిలో ఇదే కనిపించింది. వాళ్లెవరికీ చూపులో ఇబ్బంది లేదు, వాళ్లకు ఆ తేడా ఉన్నట్టే తెలియదు.

తర్వాత ఎఫ్‌ఎంఆర్‌ఐ, అంటే పని చేస్తుండగా మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో చూపే స్కాన్, వచ్చింది. మీరు చదివింది బహుశా ఈ కోవకు చెందినదే అయి ఉంటుంది. ఆ స్కానర్‌లో ఏం చేయిస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. మిమ్మల్ని గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెడతారు, చేతిలో బటన్లు పెడతారు. కళ్ల ముందు తెర మీద 1 నుంచి 4 దాకా ఏదో ఒక అంకె వస్తుంది, పోతుంది, ఇంకో అంకె వస్తుంది. మొదట్లో, అప్పుడు తెర మీద కనిపిస్తున్న అంకె బటనే నొక్కమంటారు. అది సులువు. తర్వాత ఇప్పుడు కనిపిస్తున్నది కాదు, దానికి ముందు వచ్చినది నొక్కమంటారు. ఆ తర్వాత దానికీ ముందుది, అంటే రెండు అంకెల వెనకది. ఒకపక్క కొత్త అంకెలు వస్తూ ఉంటాయి, ఇంకోపక్క పాతవి మనసులో పట్టుకుని ఉండాలి, అక్కర్లేనివి వదిలేయాలి. ఒకసారి ప్రయత్నించి చూడండి, నిమిషంలో నుదురు బిగుసుకుంటుంది. దీన్నే వర్కింగ్ మెమరీ పరీక్ష అంటారు. నుదురు వెనక ఉండే ముందు భాగం, ముఖ్యంగా దాని పైపక్క ప్రాంతం, ఇందులో బాగా పనిచేస్తుంది.

జోసెఫ్ కాలికాట్, డేనియల్ వైన్‌బర్గర్ బృందం 2003లో ఈ పరీక్షను రోగుల తోబుట్టువులకు పెట్టింది. వాళ్ల జవాబులు మామూలు వాళ్ల జవాబులంత సరిగ్గానే ఉన్నాయి. మార్కుల్లో తేడా లేదు. తేడా ఉన్నదల్లా స్కాన్‌లోనే. అదే జవాబు ఇవ్వడానికి వాళ్ల మెదడు ముందు భాగం ఎక్కువ పనిచేసింది. ఇద్దరు ఒకే మేడ ఎక్కారు, ఒకే సమయానికి పైకి చేరారు, కానీ ఒకరి గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది అనుకోండి. ఆ రెండో మనిషిని మనం రోగి అనం. పరిశోధకులు అన్నది కూడా అంతే, ఈ తోబుట్టువుల్లో మెదడు అదే పనికి కాస్త ఎక్కువ ఖర్చు పెడుతోంది అని.

2009లో ఇంకో కోణం బయటపడింది. మనం ఏ పనీ చేయకుండా మన ఆలోచనల్లో మనం ఉన్నప్పుడు మెదడులో కొన్ని ప్రాంతాలు కలిసి చురుగ్గా ఉంటాయి. కష్టమైన పని మీదికి దృష్టి వెళ్లగానే అవి నెమ్మదించాలి. రోగుల్లో అవి సరిగ్గా నెమ్మదించడం లేదు. జబ్బు లేని బంధువుల్లోనూ కొంతవరకు అంతే. ముఖ్యమైన అధ్యయనమే కానీ, అందులో ఉన్నది ఒక్కో గుంపులో 13 మంది. తర్వాత ఎందరో ఇలాంటివి చేశారు. కొన్నిటిలో బంధువుల మెదడు ఎక్కువ పనిచేసినట్టు, కొన్నిటిలో తక్కువ పనిచేసినట్టు వచ్చింది. పరీక్ష ఎంత కష్టమో, వయసు ఎంతో, దాన్నిబట్టి మారుతుంది. మొత్తం మీద తేడా ఉందన్నది గట్టి విషయమే. ఎటువైపు, ఎంత అన్నది మాత్రం వార్తల్లో రాసినంత తేటగా ఉండదు.

మెదడు సైజు విషయంలోనూ ఇంతే. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ బంధువుల్లో సగటున కొంచెం చిన్నగా ఉంటుంది. చాలా కొంచెం. పేర్లు, పదాల జాబితాలు గుర్తుపెట్టుకునే పరీక్షల్లోనూ బంధువులు సగటున కొద్దిగా వెనకబడతారు.

ఈ ‘సగటు’ దగ్గరే అందరూ పొరబడతారు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. బంధువులకూ మామూలు వాళ్లకూ మధ్య ఈ పరీక్షల్లో కనిపించే తేడా ఎంత చిన్నదంటే, ఒక రోగి తోబుట్టువునూ, వంశంలో జబ్బే లేని ఒక మనిషినీ చీటీ తీసినట్టు ఎంచుకుని పోలిస్తే, నూటికి సుమారు 60 సార్లు తోబుట్టువుకు తక్కువ మార్కులు వస్తాయి, 40 సార్లు తోబుట్టువుకే ఎక్కువ వస్తాయి. ఏ తేడా లేకపోతే అది 50, 50 అయ్యేది. వందల మందిని కలిపి చూసినప్పుడు 60కి అర్థం ఉంది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి స్కాన్ చూసి ‘ఈమె ఫలానా రోగి చెల్లెలు’ అని ఎవరూ చెప్పలేరు. జబ్బు వస్తుందని అసలే చెప్పలేరు.

దీన్ని బాగా చూపించింది ఎడిన్‌బరోలో ఈవ్ జాన్‌స్టన్, స్టీఫెన్ లారీ నడిపిన అధ్యయనం. దగ్గరి, దూరపు బంధువుల్లో కనీసం ఇద్దరికి స్కిజోఫ్రీనియా ఉన్న 16 నుంచి 25 ఏళ్ల యువకుల్ని, యువతుల్ని దాదాపు 160 మందిని తీసుకుని పదేళ్ల పాటు గమనించారు. మీకంటే వాళ్ల ముప్పు ఎక్కువ, వయసు కూడా సరిగ్గా ప్రమాదకరమైన వయసే. స్కాన్‌లో తేడాలు ఆ గుంపులో చాలామందికి ఉన్నాయి. కొందరికి ఎవరో చూస్తున్నారన్న అనుమానం, ఏవో శబ్దాలు వినబడినట్టు ఉండటంలాంటివి వచ్చి వాటంతట అవే పోయాయి. చివరికి జబ్బు వచ్చింది 20 మందికి అటూఇటుగా. మిగతావాళ్లు అవే తేడాలతో చదువుకున్నారు, ఉద్యోగాలు చేసుకున్నారు.

అందుకే స్కాన్ వద్దంటున్నాను. ఎంఆర్‌ఐ తీస్తే రిపోర్టులో ‘నార్మల్’ అని వస్తుంది, దాంతో మీ అనుమానం తీరదు. లేదా ఏ ప్రాముఖ్యతా లేని చిన్న మచ్చ ఏదో కనబడుతుంది, ఇంకో ఆరు నెలలు దాని చుట్టూ తిరుగుతారు. జీన్ టెస్ట్ కూడా అంతే. వేల తేడాలన్నిటినీ కూడి ఒక స్కోరు ఇచ్చే పరీక్షలు ఉన్నాయి. ముప్పులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో ఆ స్కోరు వివరించగలిగేది 7 శాతం దగ్గరే. పరిశోధనకు పనికొస్తుంది, మీ జీవితం గురించి నిర్ణయం తీసుకోవడానికి పనికిరాదు. డబ్బు తీసుకుని ఇంట్లోనే ఉమ్మితో పరీక్ష చేస్తామనే కంపెనీలు చెప్పేదీ ఇంతకుమించి ఉండదు.

ఒక మినహాయింపు ఉంది. మీ అన్నయ్యకు చిన్నప్పటి నుంచి చదువులో బాగా వెనకబాటు, పుట్టుకతో గుండెలో లోపం, అంగిలి చీలికలాంటివి ఏమైనా ఉన్నాయా? ఉంటే 22వ క్రోమోజోములో చిన్న ముక్క లేకపోవడం అనే పరిస్థితి ఒకటి ఉందేమో చూడాలి. అది ఉన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి స్కిజోఫ్రీనియాలాంటి జబ్బు వస్తుంది. అప్పుడు కూడా మొదట పరీక్ష చేయాల్సింది మీ అన్నయ్యకే. ఇవేవీ లేకపోతే ఈ పేరా వదిలేయండి.

మీ మతిమరుపు గురించి. అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రాత్రుళ్లు నిద్ర లేదని మీరే రాశారు. నిద్ర చాలకపోతే మొదట దెబ్బతినేది నేను పైన చెప్పిన అంకెల పరీక్షలో వాడే జ్ఞాపకమే. దిగులు, ఆందోళన కూడా అదే చేస్తాయి. ‘నాకు మొదలైందేమో’ అని రోజంతా తనను తాను గమనించుకునే మనిషికి ఎదుటివాళ్ల మాట చెవికెక్కకపోవడంలో వింతేముంది? స్కిజోఫ్రీనియా సాధారణంగా తాళాలు మర్చిపోవడంతో మొదలవదు. స్నేహితుల్ని, ఇంటివాళ్లను నెలల తరబడి దూరం పెట్టడం, చదువో పనో కారణం లేకుండా దిగజారడం, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం బలపడటం, ఎవరూ లేనప్పుడు మాటలు వినబడటం, రాత్రీ పగలూ తారుమారు కావడం, వీటిని గమనించాలి. వీటిని మనకంటే ముందు ఇంటివాళ్లే పసిగడతారు. ఇలాంటివి రెండు మూడు వారాలు నిలిస్తే ఆగకుండా సైకియాట్రిస్టును కలవండి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, ఇందులో సందేహం లేదు. మీరు రాసినదాంట్లో నాకు వీటిలో ఒక్కటీ కనిపించలేదు. నిద్ర పట్టనిది నెల దాటితే మాత్రం దానికోసం డాక్టర్ని కలవండి, ఈ జబ్బు భయంతో కాదు.

మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటి గట్టిగా చెబుతాను, గంజాయి వద్దు. ఘాటైన రకం రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి, స్కిజోఫ్రీనియాలో ఉండేది ఇదే) వచ్చే అవకాశం, అసలు వాడని వాళ్లతో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు అని 2019లో ఐరోపా నగరాలతో పాటు బ్రెజిల్‌లోనూ చేసిన పెద్ద అధ్యయనంలో వచ్చింది. వంశంలో జబ్బు ఉన్నవాళ్లు సరదాకి కూడా దాని జోలికి వెళ్లకూడదు. మీకు అవసరం లేకపోవచ్చు, మీ ఇంట్లో పద్దెనిమిదేళ్ల తమ్ముడో బాబాయి కొడుకో ఉంటే వాడికి చెప్పండి.

మధ్యలో ఒక మాట. స్వీడన్‌లో 2011లో లక్షల రికార్డులు చూస్తే, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల ఆరోగ్యవంతులైన తోబుట్టువులు రచన, కళల్లాంటి రంగాల్లో మామూలు కంటే ఎక్కువ మంది కనిపించారు. దీన్నిబట్టి జబ్బును వరమని పొగిడేవాళ్లంటే నాకు చిరాకు. కానీ ఆ జన్యువులు చెడు తప్ప ఇంకేమీ చేయవనుకోవడం కూడా సరికాదు.

పిల్లల విషయం. మీకు పుట్టబోయే బిడ్డకు మీ అన్నయ్య మేనమామ అవుతారు. గాట్స్‌మన్ పట్టికలో రోగి మేనల్లుళ్లకు, మేనకోడళ్లకు ముప్పు 4 శాతం, అదీ పాత లెక్కే. నూటికి 96 మందికి రాదు. ఈ కారణంతో పిల్లల్ని వద్దనుకోమని నేను ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను.

పెళ్లి చేసుకోబోయే ఆయనకు ముందే చెప్పండి. ‘నరాల బలహీనత’, ‘డిప్రెషన్’ అని కప్పిపుచ్చకుండా జబ్బు పేరే చెప్పండి. తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిస్తే జబ్బుకంటే దాచిపెట్టడమే పెద్ద గొడవవుతుంది. పై అంకెలు చూపించండి. ఆయన డాక్టరు నోటితోనే వింటానంటే, మీ అన్నయ్యను చూస్తున్న సైకియాట్రిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. అంతకుముందు మీ అన్నయ్యను ఒకసారి అడగండి. మందులు వాడుతూ కుదురుగా ఉన్న మనిషి, తన వివరాలు ఎవరికి చెప్పాలో తేల్చుకోగలరు.